ఇంగ్లాండులో బాలల రక్షణ రంగంలో వలస సోషల్ వర్కర్లు

ఇంగ్లాండులో హింసకు, నిర్లక్ష్యానికి గురవుతున్న పిల్లలను గుర్తించి కాపాడే బాధ్యత ప్రధానంగా స్థానిక ప్రభుత్వాలలో పనిచేసే సోషల్ వర్కర్లపై ఉంటుంది. ఇతర దేశాలలో చదువుకొని వలస వచ్చినవారు కూడా ఈ ఉద్యోగాలలో ఉన్నారు. భారతదేశంలో ఎం.ఎస్.డబ్ల్యు. పట్టా పొందినవారు నమోదు, వీసా నిబంధనలను పూర్తిచేసి ఈ వృత్తిలో చేరవచ్చు. అయితే ఇది కేవలం పట్టాతో సాధ్యమయ్యే పని కాదు. తాను పుట్టి పెరగని సమాజంలో ఏది ఆచారం, ఏది పిల్లలకు హాని అనే తేడాను చట్టం ప్రకారం నిర్ణయించవలసి రావడం ఇందులోని అసలు కష్టం.

పేరు

తెలుగులో "సామాజిక కార్యకర్త" అనే మాటను సాధారణంగా స్వచ్ఛందంగా ప్రజాసేవ చేసేవారికి వాడుతారు. ఇంగ్లాండులో "సోషల్ వర్కర్" అనేది చట్టరక్షణ గల వృత్తినామం. 2005 ఏప్రిల్ 1 నుండి, నమోదు కానివారు ఆ పేరును తమకు వాడుకొనడం నేరం. అందువలన ఈ వ్యాసంలో ఆంగ్లపదమే వాడబడినది. వృద్ధులకు, వికలాంగులకు దైనందిన పనులలో సాయపడే "కేర్ వర్కర్" ఉద్యోగం దీనికి పూర్తిగా భిన్నమైనది.

చట్టపరమైన ఆధారం

ఈ వృత్తికి మూలాధారం 1989 నాటి బాలల చట్టం. ఇది 1991 అక్టోబరు 14 నుండి అమలులోకి వచ్చింది. పిల్లల పెంపకం గురించి న్యాయస్థానం నిర్ణయించేటప్పుడు పిల్లల శ్రేయస్సుకే అగ్రస్థానం ఇవ్వాలని ఈ చట్టం చెబుతుంది. ఇందులో సోషల్ వర్కర్లకు ముఖ్యమైన సెక్షన్లు ఇవి:

17వ సెక్షన్: సహాయం అవసరమైన పిల్లలకు, వారి కుటుంబాలకు సేవలు అందించడం.
47వ సెక్షన్: పిల్లలకు "గణనీయమైన హాని" జరుగుతున్నదని లేదా జరగవచ్చునని అనుమానించడానికి తగిన కారణం ఉన్నప్పుడు విచారణ జరపడం.
44వ సెక్షన్: అత్యవసర రక్షణ ఉత్తర్వు. దీని గడువు 8 రోజులు; ఒకసారి మాత్రమే మరో 7 రోజుల వరకు పొడిగించవచ్చు.
31వ సెక్షన్: పిల్లలను స్థానిక ప్రభుత్వ సంరక్షణలో ఉంచుతూ న్యాయస్థానం ఇచ్చే ఉత్తర్వు.

సోషల్ వర్కర్ తన ఇష్టప్రకారం పిల్లలను ఇంటి నుండి తీసుకొనిపోగలడనే అభిప్రాయం సరి కాదు. అందుకు తల్లిదండ్రుల అంగీకారం గానీ న్యాయస్థానపు ఉత్తర్వు గానీ ఉండాలి. న్యాయస్థానపు ఉత్తర్వు లేకుండా, అత్యవసర పరిస్థితిలో 72 గంటల వరకు పిల్లలను రక్షణలోకి తీసుకొనే అధికారం పోలీసులకు ఉన్నది.

విక్టోరియా క్లింబియే ఉదంతం

ఈ వృత్తి చరిత్రలో వలసకు, బాలల రక్షణకు గల సంబంధాన్ని బయటపెట్టిన ముఖ్య సంఘటన ఇది. ఐవరీ కోస్ట్ దేశానికి చెందిన విక్టోరియా క్లింబియే మంచి చదువు కోసమని బంధువు వెంట ఫ్రాన్సు మీదుగా 1999లో లండను చేరింది. ఆ బంధువు, ఆమె సహచరుడు పెట్టిన చిత్రహింసల వలన 2000 ఫిబ్రవరి 25న ఎనిమిదేళ్ళ వయసులో మరణించింది. ఆమె దేహంపై 128 గాయాలు గుర్తించారు. నిందితులిద్దరికీ 2001లో యావజ్జీవ శిక్ష పడింది.

అంతకుముందే పలు స్థానిక ప్రభుత్వాల సోషల్ సర్వీసుల శాఖలు, రెండు ఆసుపత్రులు, పోలీసులు ఆ బాలికను గురించి తెలిసి ఉండి కూడా కాపాడలేకపోయారు. దీనిపై లార్డ్ లామింగ్ జరిపిన విచారణ నివేదిక 2003 జనవరిలో 108 సిఫారసులతో వెలువడినది. ఆ నివేదికలోని రెండు విషయాలు ఈ వ్యాసానికి సంబంధించినవి.

మొదటిది, బ్రెంట్ ప్రాంతంలో కొత్త కేసులను చూసే విభాగంలో ఆ సమయంలో విధులలో ఉన్న సోషల్ వర్కర్లందరూ విదేశాలలో శిక్షణ పొంది, తాత్కాలిక ఒప్పందాలపై పనిచేస్తున్నవారు. లోపం వారి పుట్టుకలో లేదు. స్థానిక చట్టంలో తగిన శిక్షణ, పర్యవేక్షణ ఇవ్వకుండా ఇంతటి బాధ్యతను వారిపై మోపడమే లోపం.

రెండవది, బంధువు ఎదుట విక్టోరియా బిగుసుకొని నిలబడడాన్ని ఆ సంస్కృతిలో పెద్దల పట్ల చూపే గౌరవంగా భావించారు. నిజానికి అది భయమై ఉండవచ్చు. సంస్కృతి ఏదైనా, చట్టం నిర్దేశించిన పిల్లల సంరక్షణ ప్రమాణాలు అందరికీ ఒక్కటేనని నివేదిక స్పష్టం చేసింది. దీని ఫలితంగా 2004లో కొత్త బాలల చట్టం వచ్చింది.

అర్హతలు, నమోదు

2019 డిసెంబరు 2 నుండి ఇంగ్లాండులో ఈ వృత్తిని "సోషల్ వర్క్ ఇంగ్లాండ్" అనే సంస్థ నియంత్రిస్తున్నది. స్కాట్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లాండులకు వేరువేరు సంస్థలు ఉన్నాయి. విదేశాలలో చదివినవారు తమ పట్టాను, పర్యవేక్షణలో చేసిన క్షేత్రశిక్షణను, ఉద్యోగానుభవాన్ని, ఆంగ్లభాషా పరిజ్ఞానాన్ని ఆధారాలతో చూపవలెను. సంస్థ వాటిని తన ప్రమాణాలతో పోల్చి నిర్ణయిస్తుంది. నమోదును ప్రతి సంవత్సరం నవంబరు 30లోగా పునరుద్ధరించుకోవాలి.

పిల్లలతో పనిచేసే ఉద్యోగం కావడంతో నేరచరిత్ర పరిశీలన తప్పనిసరి. భారతదేశం నుండి వెళ్ళేవారు పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా పోలీసు ధ్రువపత్రం పొందవచ్చు.

వీసా

సోషల్ వర్కర్లు 2020 ఆగస్టులో ప్రవేశపెట్టిన "హెల్త్ అండ్ కేర్ వర్కర్" వీసాకు అర్హులు. ప్రభుత్వ అనుమతి గల యజమాని స్పాన్సరు చేయాలి. ఈ వీసాదారులు ఆరోగ్య సర్‌చార్జి చెల్లించనవసరం లేదు. యజమాని మారితే వీసాకు మళ్ళీ దరఖాస్తు చేయాలి.

కేర్ వర్కర్లను విదేశాల నుండి కొత్తగా తీసుకొనే పద్ధతి 2025 జూలై 22తో ముగిసింది. పట్టభద్రుల స్థాయి ఉద్యోగమైన సోషల్ వర్కర్‌కు ఆ నిషేధం వర్తించదు. శాశ్వత నివాసానికి కావలసిన కాలాన్ని సాధారణంగా 5 ఏళ్ళ నుండి 10 ఏళ్ళకు పెంచాలని 2025 మే నాటి శ్వేతపత్రం ప్రతిపాదించింది. ఈ నిబంధనలు తరచుగా మారుతుంటాయి కనుక దళారుల మాటను నమ్మక ప్రభుత్వ ప్రకటనలను చూడడం మేలు.

పని స్వభావం

పాఠశాల, వైద్యుడు, పోలీసులు లేదా ఇరుగుపొరుగువారి నుండి సమాచారం అందగానే పని మొదలవుతుంది. సోషల్ వర్కర్ ఇంటికి వెళ్ళి, పిల్లలను వీలైనంతవరకు విడిగా కలిసి మాట్లాడి, ఇతర శాఖలతో చర్చించి నివేదిక వ్రాస్తాడు. ప్రమాదం ఉన్నదని తేలితే, శాఖల మధ్య తొలి చర్చ జరిగిన 15 పనిదినాలలోగా బాలల రక్షణ సమావేశం జరపాలి. న్యాయస్థానానికి చేరిన సంరక్షణ కేసులను 26 వారాలలో ముగించాలని 2014 నాటి చట్టం గడువు విధించింది.

పనిలో అధికభాగం వ్రాతపనే. అంగీకరించిన విషయాన్ని, చూసిన విషయాన్ని, తన అభిప్రాయాన్ని వేరువేరుగా వ్రాయగలగాలి. సోషల్ వర్కర్ న్యాయస్థానంలో ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

సంస్కృతి: బలమూ, ప్రమాదమూ

వలస వచ్చిన ఉద్యోగికి మరో భాష, మరో కుటుంబవ్యవస్థ తెలిసి ఉండడం బలం. ఉమ్మడి కుటుంబంలో పిల్లలను అమ్మమ్మ, పిన్ని కూడా పెంచుతారని తెలిసినవాడు దానిని తల్లి నిర్లక్ష్యంగా పొరబడడు. కాని అదే పరిచయం వలన "మా వైపు ఇది మామూలే" అని సరిపెట్టుకొనే ప్రమాదమూ ఉన్నది.

పిల్లలను కొట్టడం ఇందుకు ఉదాహరణ. స్కాట్లాండు 2020లో, వేల్స్ 2022లో తల్లిదండ్రులు పిల్లలను కొట్టడాన్ని పూర్తిగా నిషేధించాయి. ఇంగ్లాండులో "సముచితమైన శిక్ష" అనే పరిమిత మినహాయింపు నిలిచి ఉన్నది. గాయపరిచే దెబ్బలకు అది వర్తించదు. భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాలలలో శారీరక దండనను నిషేధించినా, కొట్టనిదే పిల్లలు దారికి రారనే నమ్మకం చాలా ఇళ్ళలో ఉన్నది. ఆ నమ్మకం మధ్య పెరిగిన సోషల్ వర్కర్ ముందుగా దానిని తనలోనే పరిశీలించుకోవాలి.

భాష విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆంగ్లం రాని పిల్లలతో మాట్లాడేటప్పుడు దుబాసిని ఏర్పాటు చేయాలని లామింగ్ నివేదిక సిఫారసు చేసింది. అనుమానితులైన బంధువులే పిల్లల మాటలను అనువదిస్తే నిజం బయటకు రాదు.

భారతదేశంలో చదువు, అనుభవం

దేశంలో సోషల్ వర్క్ ఉన్నతవిద్య 1936లో బొంబాయిలో మొదలైన సంస్థతో ఆరంభమైనది. అదే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. తెలుగు రాష్ట్రాలలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం మొదలైనవాటిలో ఈ చదువు ఉన్నది.

2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం రక్షణ అవసరమైన బాలలను 24 గంటలలోగా (ప్రయాణ సమయం మినహాయించి) బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఈ సమితిలో అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. ఇంగ్లాండులో ఇటువంటి నిర్ణయాలు న్యాయస్థానం చేతిలో ఉంటాయి. ఈ తేడాను ముందే గ్రహించి, బాలల సంక్షేమ సమితులతో గానీ 1098 సహాయవాణితో గానీ పనిచేసిన అనుభవం సంపాదించినవారికి దరఖాస్తులో చూపడానికి తగిన ఆధారం ఉంటుంది.

ఇవి కూడా చూడండి

బాలల హక్కులు
బాల్య వివాహాలు
విద్యాహక్కు చట్టం
ప్రవాస భారతీయులు