ఏ గంటకు ఎవరితో మాట్లాడాలి

1947 నవంబరు 12. దేశం రెండుగా విడిపోయాక వచ్చిన తొలి దీపావళి. కురుక్షేత్ర శిబిరంలో రెండు లక్షలకు పైగా కాందిశీకులు తలదాచుకుంటున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్దామనుకున్న గాంధీజీకి ప్రయాణం కుదరలేదు. ఢిల్లీలోని రేడియో స్టేషన్‌కే వచ్చారు. ఆయన ఒక రేడియో స్టేషన్‌లో అడుగుపెట్టడం అదే మొదటిసారి, అదే చివరిసారి కూడా. బిర్లా భవన్ ప్రార్థన సభల్లో ఆయన కూర్చునే చెక్కపీటను తెచ్చి స్టూడియోలో వేశారు. దేశప్రజలందరినీ ఉద్దేశించి ఉపన్యాసం ఇవ్వడానికి రాలేదాయన. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని శిబిరంలో ఉన్నవాళ్లతో మాట్లాడటానికి వచ్చారు. అందుకే ఆ తేదీని మన దేశంలో ప్రజాసేవా ప్రసార దినంగా జరుపుకుంటున్నాం.

ఎవరు వింటున్నారో, ఏ స్థితిలో ఉండి వింటున్నారో తెలిసి మాట్లాడటం. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు దశాబ్దాలపాటు పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా చేసిన పని ఇదే. రేడియో పాటల మీద, నాటకాల మీద మన పత్రికల్లో చాలానే వచ్చింది. మాటల మీద వచ్చింది తక్కువ. ఆ పెట్టె మన జీవితాల్లో తెచ్చిన అసలు మార్పు మాటల వల్లే వచ్చిందని నా నమ్మకం.

దీని వెనక కొంత కథ ఉంది. 1935లో భారత ప్రసారాలకు తొలి కంట్రోలర్‌గా వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ అంతకుముందు బీబీసీ ప్రసంగాల విభాగంలో పనిచేసినవాడు. ఆ విభాగానికి తొలి అధిపతి హిల్డా మాథెసన్ అనే ఆవిడ. సభలో వెయ్యిమందికి వినపడేలా గొంతెత్తే తీరు మైకు ముందు పనికిరాదని ఆవిడ పట్టుబట్టింది. వినేవాళ్లు గుంపుగా ఉండరు, ఎవరింట్లో వాళ్లుంటారు, కాబట్టి ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెప్పాలి. అలా తేలిగ్గా వినిపించాలంటే ముందే శ్రద్ధగా రాసుకుని, పైకి చదువుకుని, దిద్దుకోవాలి. ఫీల్డెన్ ఈ పాఠాన్ని వెంట తెచ్చాడు. 1936 జూన్‌లో ఆల్ ఇండియా రేడియో అన్న పేరు ఖాయమైంది. 1938 జూన్ 16న మద్రాసులో, ఎగ్మూరు మార్షల్స్ రోడ్డులో స్టేషన్ మొదలైంది. తమిళానికీ తెలుగుకూ అప్పట్లో అదే నెలవు.

ఆ స్టేషన్ తెరిచిన తొలి రోజుల్లోనే మైకు ముందుకు వచ్చిన తెలుగు వక్తల్లో గిడుగు వెంకట రామమూర్తి పంతులు ఒకరు. విషయం ‘సజీవమైన తెలుగు’. ఇది నాకు ఎంతో ముఖ్యంగా తోస్తుంది. వ్యావహారిక భాష కోసం జీవితాన్ని ధారపోసిన మనిషి, డెబ్బై దాటిన వయసులో, నోటి మాటే తప్ప మరేదీ చెల్లని చోట నిలబడి మాట్లాడారు. పాఠ్యపుస్తకాల్లో, విశ్వవిద్యాలయాల్లో ఇంకా తెగని వాదం మైకు దగ్గర తొందరగానే తేలిపోయింది. కాగితం మీద గంభీరంగా కనిపించే గ్రాంథిక వాక్యం వంటింట్లో ఉన్న ఇల్లాలి చెవిదాకా రాదు. మహాపండితులు కూడా పది నిమిషాల ప్రసంగం కోసం తమ వాక్యాలను పొట్టి చేసుకోవాల్సి వచ్చింది. తెలుగు వచనానికి రేడియో చేసిన ఈ మేలును సాహిత్య చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తానికీ ఆల్ ఇండియా రేడియో కేంద్రాలు ఆరంటే ఆరు. జనాభాలో నూటికి పదకొండు మందికే ఆ ప్రసారాలు అందేవి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1935 నుంచి నడిపిన దక్కన్ రేడియోలో ఉర్దూదే పెద్దపీట. 1950 ఏప్రిల్ 1న అది ఆల్ ఇండియా రేడియోలో కలిశాక తెలుగుకు చోటు పెరిగింది. 1963లో కడప, విశాఖపట్నం కేంద్రాలు వచ్చాయి.

డెబ్బైల చివర ఒక మామూలు రోజును తీసుకుందాం. విజయవాడ కేంద్రం, 358.4 మీటర్లు. తెల్లవారుజామున ముందుగా ఆ పరిచయ సంగీతం. దాన్ని కూర్చినవాడు వాల్టర్ కాఫ్‌మన్. నాజీల పీడ నుంచి బయటపడి బొంబాయి చేరిన యూదుడు, ముప్ఫైలలో బొంబాయి స్టేషన్‌లో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు. తర్వాత వందేమాతరం, మంగళధ్వని, భక్తిరంజని. మాటల పొద్దు ఆ తర్వాత మొదలవుతుంది. ఏడుకు అయిదు నిమిషాల ముందు సంస్కృత వార్తలు. 1974లో మొదలైన ఈ బులెటిన్ పుణ్యమా అని సంస్కృతం ఒక్క ముక్క రాని ఇళ్లలో పిల్లలు కూడా దాని మొదటి వాక్యాన్ని అప్పజెప్పేవాళ్లు. వెంటనే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు.

ఆ వార్తలు చదివినవాళ్ల పని ఒట్టి చదవడం కాదు. జనరల్ న్యూస్ రూమ్ నుంచి ఇంగ్లీషులో వచ్చే కాపీని గబగబా తెలుగు చేసుకుని, గడియారం చూసుకుంటూ స్టూడియోలోకి నడవాలి. ఎన్నో వార్తలకు తెలుగులో తొలి రూపం ఆ కొద్ది నిమిషాల్లో, ఆ బల్ల మీద తయారయ్యేది. సినిమాల్లోకి రాకముందు కొంగర జగ్గయ్య అక్కడ వార్తలు చదివారు. జోలిపాళెం మంగమ్మ, అద్దంకి మన్నార్, మామిళ్ళపల్లి రాజ్యలక్ష్మి, ఏడిద గోపాలరావు ఎలా ఉంటారో చాలామంది శ్రోతలకు తెలియదు. గొంతు వింటే మాత్రం పేరు చెప్పేసేవాళ్లు.

మగవాళ్లు పనుల్లోకి, పిల్లలు బడికి వెళ్లాక రేడియో స్త్రీలవైపు తిరిగేది. వంటలు, కుట్లు ఉండేవి, నిజమే. వాటితోపాటే గర్భిణి ఏం తినాలి, పసిబిడ్డకు టీకా ఎప్పుడు వేయించాలి, ఆస్తిలో ఆడపిల్లకు ఏ హక్కుంది అన్న మాటలూ వచ్చేవి. గడప దాటి డాక్టరమ్మ దగ్గరికో వకీలు దగ్గరికో వెళ్లే వీలులేని ఆడవాళ్లకు, ఎవరి అనుమతీ అడగక్కర్లేకుండా ఆ డాక్టరమ్మ గొంతే ఇంట్లోకి వచ్చింది. హైదరాబాదు కేంద్రంలో కార్మికుల కార్యక్రమం ఉండేది. ప్రావిడెంట్ ఫండ్, ఈఎస్ఐ, బోనస్ లాంటి సంగతులను చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు కబుర్లలో పెట్టి చెప్పేవాళ్లు. ఆ పాత్రలు నిజమైన మనుషులనుకుని బాధలు చెప్పుకుంటూ ఉత్తరాలు రాసినవాళ్లున్నారు.

సాయంత్రం పొలం నుంచి ఇల్లు చేరే వేళకు రైతుల కార్యక్రమం. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మాట పనిగా మారడం కళ్లారా కనిపించిన చోటు ఇది. 1956లో పూనా చుట్టుపక్కల అయిదు జిల్లాల్లో 150 ఊళ్లను ఎంచుకుని, యునెస్కో సాయంతో ఒక ప్రయోగం చేశారు. ఊరికో శ్రోతల బృందం. కలిసి వినాలి, విన్నదాన్ని చర్చించాలి, చేయదగింది చేయాలి, సందేహాలను తిరిగి స్టేషన్‌కు రాయాలి. ఆ జవాబులు తర్వాతి ప్రసారాల్లో వచ్చేవి. బావికి దడి కట్టడం, పెంటపోగును ఊరి బయటికి మార్చడం లాంటి పనులకు అక్కడ మాట్లాడుకోవడమే నాంది అయింది. 1959 నుంచి ఈ పద్ధతి దేశమంతటికీ పాకింది. మన ఊళ్లలో పంచాయతీ ఆఫీసు మీద లౌడ్‌స్పీకరు, దాని కింద అరుగు మీద చేరిన జనం ఆ రోజుల గుర్తు.

1966లో రైతు కార్యక్రమాల కోసం స్టేషన్లలో ప్రత్యేక విభాగాలు వచ్చాయి. సాంద్ర వ్యవసాయ పథకంలో తొలి విడతలోనే పశ్చిమగోదావరి జిల్లా ఉంది. ఐఆర్-8 వరి వచ్చిందీ అప్పుడే. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దాన్ని సాగుచేసి దేశం దృష్టికి తెచ్చారు. కొత్త విత్తనం అంటే రైతుకు భయం. ఎరువు ఎంత, నీళ్లు ఎప్పుడు, దోమ పడితే ఏం కొట్టాలి, ఇవన్నీ ఒక్కసారి వింటే సరిపోవు, పైరు ఎదిగేకొద్దీ వారంవారం చెప్పేవాళ్లుండాలి. రేడియో సరిగ్గా ఆ పని చేసింది. వ్యవసాయ శాఖ అధికారి మాట్లాడేవాడు, అంతకంటే ముఖ్యంగా పక్క ఊరి రైతు తన చేలో ఏం జరిగిందో చెప్పేవాడు. తమిళనాడు తంజావూరులో ఏడీటీ-27 అనే వరికి రైతులు రేడియో వడ్లు అని పేరే పెట్టేశారు. ఒక పంటకు ప్రసార సాధనం పేరు రావడం కంటే పెద్ద మెప్పు ఏ స్టేషన్‌కు దొరుకుతుంది?

రాత్రి పొద్దుపోయాక సాహిత్య ప్రసంగాలు, చర్చలు, పరిచయాలు. ప్రసంగానికి పిలుపు తపాలాలో కాంట్రాక్టు కాగితంగా వచ్చేది. విషయం, నిడివి, తేదీ, పారితోషికం అందులోనే ఉండేవి. వ్రాతప్రతిని ముందే పంపాలి. రికార్డింగు రోజున కాగితాలు చప్పుడు చేయకుండా ఒక్కొక్కటే పక్కకు జరపడం ఎలాగో ఎంత పెద్ద రచయితకైనా మళ్లీ చెప్పేవాళ్లు. ఎర్రదీపం వెలిగితే దగ్గు కూడా రాకూడదు. తొలినాళ్ల మద్రాసులో ఆచంట జానకిరాం, తర్వాత బుచ్చిబాబు, గోపీచంద్, దేవులపల్లి కృష్ణశాస్త్రి లాంటివాళ్లు రేడియోలో ఉద్యోగం చేశారంటే ఆ బల్లకు అవతలివైపు ఎవరుండేవారో తెలుస్తుంది. 1957 నుంచి 1959 దాకా మద్రాసు కేంద్రంలో గుర్రం జాషువా కార్యక్రమ నిర్మాతగా ఉన్నారు. ఊరి బడిలో అంటరానివాడిగా అవమానాలు పడ్డ కవి, అదే భాషలో ఎవరు ఏం మాట్లాడాలో నిర్ణయించే కుర్చీలో కూర్చున్నారు.

అయితే మొత్తంగా చూస్తే ఆ స్టూడియో తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. ప్రసంగాలకు పిలుపులు ఎక్కువగా పట్టణాల్లో, చదువుకున్న కుటుంబాల్లోనే తిరిగాయి. పల్లె కార్యక్రమంలో వినిపించిన యాస సాహిత్య ప్రసంగంలోకి రావడానికి చాలాకాలం పట్టింది. ఇంకో లోపం మరీ పెద్దది. వార్తల మీద ప్రభుత్వం చెయ్యి ఎప్పుడూ ఉండేది. ఎమర్జెన్సీ రోజుల్లో ఆకాశవాణి ఏలికల గొంతు మాత్రమే అయింది. 1977 ఎన్నికల్లో మొదటిసారి పార్టీలకు రేడియోలో మాట్లాడే సమయం ఇచ్చారు. స్వతంత్ర ప్రతిపత్తి కావాలని వర్గీస్ కమిటీ 1978లో చెప్పింది. ప్రసారభారతి చట్టం 1990లో వచ్చినా, అమల్లోకి రావడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. ఇల్లాలితో, రైతుతో అంత ప్రేమగా మాట్లాడిన సంస్థ పౌరుడితో అంత నిజాయితీగా మాట్లాడలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆదివారం లెక్క వేరు. పిల్లలకు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. మద్రాసులో మొదలైన ఆ వరసలు తరాలు మారినా పోలేదు. పెద్దలకు ఉషశ్రీ. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1965లో హైదరాబాదు కేంద్రంలో చేరి, 1973లో విజయవాడకు వచ్చారు. అక్కడ బాలాంత్రపు రజనీకాంతరావు ప్రోత్సాహంతో ధర్మసందేహాలు మొదలైంది. రామాయణ భారతాలు చదువుకుంటే వచ్చే అనుమానాలను శ్రోతలు కార్డుముక్క మీద రాసి పంపడం, ఆయన జవాబివ్వడం. తర్వాత ఆదివారం మధ్యాహ్నం రామాయణ, భారత ప్రవచనాలు. ఆ వేళకు హోటళ్ల ముందు, కిళ్లీ కొట్ల ముందు జనం నిలబడి వినేవాళ్లు.

ఉషశ్రీ గొంతులో ఏముందని చాలామంది అడుగుతారు. స్పష్టత ఉంది, ఉద్వేగం ఉంది. వీటికంటే ఆయనకు శ్రోత మీదున్న గౌరవం పెద్దది. శ్లోకం చెప్పి ఊరుకోరు, అర్థం విడమరుస్తారు. కథలో ధర్మం చిక్కుపడిన చోట దాటేయకుండా నిలబడి, ఇదీ చిక్కు అని చూపిస్తారు. కార్డుముక్క రాసిన మనిషి కూలివాడా, ప్లీడరా అని ఆ జవాబులో తేడా కనిపించదు. పురాణ కాలక్షేపం మనకు కొత్త కాదు, గుళ్లో చాపమీద కూర్చుని వినే అలవాటు తరతరాలది. గుడిలోకి రానివ్వని వాడలకు కూడా అదే మాట అదే క్షణంలో చేరడం మాత్రం రేడియోతోనే జరిగింది.

ఇంత మాట ఇప్పుడు ఎక్కడుంది? తొలి దశాబ్దాల్లో చాలా ప్రసంగాలు నేరుగా ప్రసారమై గాలిలో కలిశాయి. టేపులు వచ్చాక కూడా స్పూళ్లు ఖరీదైనవి కాబట్టి, ప్రసారం అయ్యాక చెరిపి మళ్లీ వాడారు. దాచదగ్గవని ఎంచినవి కొన్ని మిగిలాయి. అవి పాటలు, నాటకాలు, మహానుభావుల గొంతులు. గోదావరి జిల్లాల చిన్నరైతు తన చేను గురించి చెప్పిన పది నిమిషాలను దాచాలని ఎవరికి తోస్తుంది?

కాని ప్రసంగాలకు ఒక అదృష్టం ఉంది. ప్రతిదానికీ ముందు కాగితం మీద రాసిన ప్రతి ఉండి తీరాలి. స్టేషన్‌కు ఒకటి వెళ్తే, రాసినవాళ్లు తమ దగ్గర ఇంకొకటి ఉంచుకునేవాళ్లు. మన వ్యాస సంపుటాల్లో చాలావాటికి పుట్టిల్లు ఆ ప్రతులే. అచ్చుకాని వాటి సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుంది. రేడియోలో మాట్లాడిన టీచర్లు, డాక్టర్లు, వ్యవసాయ అధికారులు, రచయిత్రుల ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున, కాంట్రాక్టు కాగితంతో కలిపి గుచ్చి, అవి ఉండే ఉంటాయి. అటకలు దులిపేటప్పుడు దయచేసి వాటిని పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, మీ జిల్లా గ్రంథాలయం ఉంది. వాళ్లను అడగండి. ఇచ్చేటప్పుడు ప్రసారమైన తేదీ, కేంద్రం పేరు, తెలిస్తే ఏ కార్యక్రమంలో వచ్చిందో కూడా పైన రాసి ఇవ్వండి.