పొగ పుణ్యమా అని

సాఫ్టువేరులో పనిచేసేవాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. బగ్గు సరిచెయ్యటం పది నిమిషాల పని, అదెక్కడుందో పట్టుకోవటానికే రెండ్రోజులు పడుతుంది. కార్ల సంగతీ అంతే. అందుకే నేను రోగం కనిపెట్టినందుకు షెడ్డువాడికి డబ్బులిచ్చి, వైద్యం మాత్రం ఇంట్లో చేసుకుంటాను. ఈ సౌకర్యం మనకెలా దక్కిందో తవ్వుకుంటూ పోతే, మూలం లాస్ ఏంజెలెస్ పొగలో తేలింది.

అంబాసిడర్ మెకానిక్కుల్ని చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని వినేవాడు. "టాపెట్లు లూజయ్యాయి సార్" అంటూనే విప్పటం మొదలెట్టేవాడు. రోగం చెప్పినందుకు వేరే ఫీజు ఇస్తానంటే నవ్వేసేవాడేమో! చెవీ ఆయనదే, పానా ఆయనదే.

అమెరికాలో కథ వేరే దారి పట్టింది. లాస్ ఏంజెలెస్ మీద కమ్ముకునే పొగమంచుకి కార్లే ప్రధాన కారణమని తేలాక, కాలిఫోర్నియా 1967లో వాయు వనరుల బోర్డు పెట్టింది. 1970లో దేశం మొత్తానికీ గట్టి చట్టం వచ్చింది. ఆ హద్దుల్లో ఉండాలంటే పెట్రోలూ గాలీ కలిసే పాళ్ళు క్షణక్షణం సరిచూసుకోవాలి. అది కార్బురేటర్ ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. అలా కారులోకి కంప్యూటర్ దూరింది. జనరల్ మోటార్స్ 1981లో తన కార్లలో చాలావాటికి దాన్ని పెట్టింది. ఆ కార్లలో ఓ చిన్న కిటుకుంది. డాష్‌బోర్డు కింది కనెక్టర్లో రెండు పిన్నుల్ని పేపర్ క్లిప్పుతో కలిపితే చెక్ ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంటూ కోడ్ చెప్పేది. ఒక మిణుకు, కాస్త విరామం, రెండు మిణుకులు... అంటే 12. డీబగ్గర్ ఇంత చవగ్గా ఇంకెక్కడా దొరకదు.

కాకపోతే ఏ కంపెనీ గోల దానిదే. కనెక్టర్లు వేరు, కోడ్లు వేరు. కాలిఫోర్నియా బోర్డు 1988 మోడళ్ళ నుంచి కారు తన పొగ వ్యవస్థని తనే కనిపెట్టుకుని ఉండాలంది. ఆ తర్వాత రెండో విడత నిబంధనలు, అంటే ఓబీడీ-2, తయారుచేసింది. 1996 మోడళ్ళకల్లా అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఒకే రకం 16 పిన్నుల కనెక్టర్, ఒకే కోడ్ల భాష వచ్చాయి. 1990 చట్ట సవరణ ఇంకో మెలిక కూడా పెట్టింది: పొగకి సంబంధించిన రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకీ ఇవ్వాలని. మనలాంటి సొంత రిపేరు గాళ్ళ మీద ప్రేమతో కాదు లెండి, కార్లు బాగుపడకపోతే పొగ తగ్గదని.

అయితే కోడ్ చదవటం వేరు, రోగం కనిపెట్టటం వేరు. పీ0171 అంటే ఇంజన్లో పెట్రోలు పాలు తక్కువైందని. ఎందుకు? గాలి లీకవచ్చు, గాలిని కొలిచే సెన్సర్‌కి మురికి పట్టి ఉండొచ్చు, పెట్రోలు పంపు నీరసించి ఉండొచ్చు. కోడ్ చూసి సెన్సర్ కొనేవాళ్ళు, ఎర్రర్ మెసేజీలో కనబడిన లైనునే మార్చేసే కొత్త ప్రోగ్రామర్ల టైపు. నా కారుకి ఇదే కోడ్ వచ్చినప్పుడు షెడ్డువాడు గంట కూలి తీసుకున్నాడు. ఇంజన్ గాలి గొట్టాల్లోకి మెషీన్‌తో పొగ పంపి, అది ఏ సందులోంచి బయటికొస్తోందో చూపించాడు. ఇన్‌టేక్ గాస్కెట్. ఆ పొగ మెషీన్ నా దగ్గర లేదు, ఆ అనుభవమూ లేదు. ఇచ్చిన డబ్బులో ప్రతి పైసా న్యాయమే. గాస్కెట్ మాత్రం శనివారం నేనే మార్చుకున్నాను.

చట్టం చూసింది పొగ వరకే. బ్రేకులూ, బాడీ కంప్యూటర్లూ కంపెనీల గుప్పిట్లోనే ఉండిపోయాయి. దానిమీద మసాచుసెట్స్ ఓటర్లు 2012లో దాదాపు 86 శాతం మంది రిపేరు హక్కుకి ఓటేశారు. మన దేశంలోనూ ఇదే తగువు నడిచింది. విడిభాగాలూ, డయాగ్నస్టిక్ పరికరాలూ బయటి షెడ్డులకి దొరకనివ్వట్లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి సుమారు 2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్ళకెళ్ళాయనుకోండి, అది వేరే కథ.

ఈలోగా కార్లు వైర్‌లెస్‌లో నేరుగా కంపెనీకే కబుర్లు చెప్పటం మొదలెట్టాయి. ఇక పిన్నులతో పనేముంది? మసాచుసెట్స్ వాళ్ళు 2020లో మళ్ళీ ఓటేసి, ఆ సమాచారం కూడా యజమానికి అందాలన్నారు. కంపెనీల సంఘం కోర్టుకెళ్ళింది. ఆ దావాని 2025 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి కొట్టేశారు.

నాకున్న బెంగ ఎలక్ట్రిక్ కార్ల గురించి. మనకీ కనెక్టర్ ఇప్పించింది పొగ, వాటికేమో పొగే లేదు. కాలిఫోర్నియా బోర్డు 2022లో దీనికీ ఓ నిబంధన రాసుకుంది: 2026 మోడళ్ళ నుంచి ఎలక్ట్రిక్ కార్లు కూడా బ్యాటరీ ఆరోగ్యంతో సహా కొంత సమాచారాన్ని అందరికీ ఒకే పద్ధతిలో చూపించాలి. మిగతా చోట్ల ఎవరు రాస్తారో చూడాలి.