రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు

విద్యార్థులారా, దామెర్ల రామారావు 1897లో జన్మించాడు. ఆయన ప్రతిభను గుర్తించినవాడు రాజమండ్రి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్, స్వయంగా చిత్రకారుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ ప్రోత్సాహంతోనే 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. అక్కడ పాశ్చాత్య పద్ధతిలో మనిషిని చూసి గీయడం నేర్చాడు. అజంతా రేఖను మాత్రం వదులుకోలేదు. ఆయన శైలికి బలం ఈ కలయికే.

పేరు వచ్చాక మహానగరంలో స్థిరపడవచ్చు గదా! ఆయన 1923లో రాజమండ్రిలోనే చిత్రకళాశాల తెరిచాడు.

1925 ఫిబ్రవరిలో మశూచి ఆయనను బలిగొంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. జెన్నర్ టీకా కనుగొని అప్పటికి 129 ఏళ్లు! మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కృషిని కొనసాగించాడు. భార్య సత్యవాణి కూడా చిత్రకారిణే.

సెలవులకు జంషెడ్‌పూర్ నుంచి ఊరు వెళ్లే మన పిల్లలు రాజమండ్రిలో దిగితే, ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఆ చిత్రాలు చూడవచ్చు.