అచ్చేసిన క్షేమం

యుద్ధఖైదీల ఉత్తరాలు సేకరించేవారు సాధారణంగా సెన్సారు ముద్రకే వెల కడతారు. నాకు లోపలి మాటలు ముఖ్యం. 1942-43లో బర్మా-సయాం రైలుమార్గం పనికి తోలిన ఖైదీలకు జపాను సైన్యం ఇచ్చిన కార్డు చూడండి. ఆరోగ్యం బాగుందనీ, జీతానికి పనిచేస్తున్నాననీ ఇంగ్లీషులో ముందే అచ్చేసిన వాక్యాలు! అక్కరలేనివి కొట్టేసి సంతకం పెట్టాలి. ఆసుపత్రిలో ఉన్నానని చెప్పుకోవచ్చు. ఎందుకున్నాడో చెప్పే వాక్యం లేదు. బంధించినవాడే బందీ వాక్యాన్నీ రాసిపెట్టాడు. ఆ దారిలో 12 వేలకు పైగా ఖైదీలు చనిపోయారు.

అంతకు ఎన్నో రెట్లు చనిపోయింది ఆసియా కూలీలు. మలయా తోటలనుంచి పట్టుకుపోయిన వాళ్లలో తమిళులతోపాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు యుద్ధఖైదీల లెక్కలోకి రారు. కొట్టేయడానికైనా ఒక అబద్ధపు వాక్యాన్ని ఆ కార్డు వాళ్ల చేతికివ్వలేదు.