పాదు

మొక్క మొదట్లో నీళ్లు నిలిచేలా చుట్టూ మట్టి తీసి, చిన్న గట్టు కట్టిన పల్లమే పాదు. తీగజాతుల్లో ఆ పేరు మొక్కకే స్థిరపడింది: ఆనపపాదు, బీరపాదు, గుమ్మడిపాదు. కన్నడంలో పాతి, తమిళంలో పాత్తి దీనికి తోబుట్టువులు. అవి మొక్కలు పెంచే మడిని చెబుతాయి. తమిళంలో ఉప్పు పండించే మడి కూడా పాత్తే.

పొలంలో పుట్టిన ఈ మాట మన ఆలోచనల్లోకీ వచ్చింది. వేరూని నిలబడటం పాదుకొనడం. ఒక అలవాటునో, సంస్థనో నిలబెట్టడం పాదుకొల్పడం.

సాగు వదిలి పట్నం చేరిన కుటుంబాల్లో పాదు ఇప్పుడు మేడ మీదికెక్కింది. రచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి వంటివారి కృషితో 'మిద్దెతోట' ఇంటింటి మాటయింది. అక్కడా పనితీరు పాతదే. తొట్టిని అంచుదాకా మట్టితో నింపరు, నీళ్లకు చోటు ఉంచుతారు. తొలకరికి గింజ పెడతారు. పొట్లకాయ వంకర పోకుండా కొసకు రాయి కడతారు. మేలైన కాయనొకదాన్ని కోయకుండా, విత్తనానికి తీగ మీదే ముదరనిస్తారు.

ఇవేవీ పుస్తకం చూసి నేర్చినవి కావు, అమ్మమ్మలూ తాతలూ చేస్తుంటే చూసి అబ్బినవి. ఎకరాలు పోయినా ఆ సేద్యం చేతుల్లో మిగిలే ఉంది. అందుకే మన పిల్లల చేత ఒక్క పాదైనా కట్టిద్దాం. మాటా, పనీ రెండూ వాళ్లలో పాదుకుంటాయి.