తొలి గంటల్లో రక్షణ ఇంటి నుంచే: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో విపత్తులు, ఆరోగ్య అత్యవసర పరిస్థితులకు ప్రజల సన్నద్ధత

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో అసాధారణ వర్షం కురిసింది. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్కరోజు వ్యవధిలోనే 40 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైంది. 24 గంటల్లో 20.4 సెంటీమీటర్లు దాటిన వర్షాన్ని భారత వాతావరణ శాఖ 'అత్యంత భారీ వర్షం'గా పరిగణిస్తుంది. ఆర్గొండలో కురిసినది ఆ పరిమితికి దాదాపు రెండింతలు.

ఈ వర్షాలకు 44వ నంబరు జాతీయ రహదారిపై రాకపోకలు స్తంభించాయి. భిక్కనూరు - తలమడ్ల మధ్య రైలు కట్ట కోతకు గురై రైళ్లు నిలిచిపోయాయి. కామారెడ్డి పట్టణంలో హౌసింగ్ బోర్డు కాలనీ, జీ.ఆర్. కాలనీలు జలమయమయ్యాయి. ఎల్లారెడ్డి మండలం బొగ్గు గుడిసె వద్ద వరదలో చిక్కుకున్న కార్మికులను రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన దళం సిబ్బంది కాపాడారు. పలు గ్రామాలకు, తండాలకు బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోయాయి.

రహదారి, రైలు మార్గం, విద్యుత్తు ఒకేసారి నిలిచిపోయినప్పుడు సుశిక్షిత దళాలు సైతం ప్రతి గ్రామానికి వెంటనే చేరుకోజాలవు. ఆ తొలి గంటల్లో ప్రాణరక్షణ భారం కుటుంబంపైన, ఇరుగుపొరుగుపైన, గ్రామంలోని స్వచ్ఛంద సేవకులపైన పడుతుంది. వారు ముందుగానే సిద్ధమై ఉండడం సహాయక చర్యల్లో మొదటి మెట్టు.

ప్రాంత స్వరూపం

కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు నిజామాబాద్ జిల్లా నుంచి ఏర్పడింది. కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి ఈ జిల్లాలోని రెవెన్యూ డివిజన్లు. కామారెడ్డి పట్టణం జాతీయ రహదారిపై, రైలు మార్గంపై నెలకొని ఉండగా, ఎల్లారెడ్డి ప్రాంతంలో అటవీ భూములు, వాగులు, చెరువులు, దూరదూరంగా ఉన్న తండాలు అధికం. వాగులపై గల లో-లెవల్ వంతెనలు మునిగితే గ్రామం నుంచి ఆసుపత్రికి దారి మూసుకుపోతుంది.

నాగిరెడ్డిపేట మండలంలో 1922లో పూర్తయిన పోచారం జలాశయం ఈ ప్రాంతపు వరద తీవ్రతకు సాక్ష్యం. 70 వేల క్యూసెక్కుల ప్రవాహాన్ని తట్టుకొనేలా నిర్మించిన ఈ ఆనకట్టకు 2025 ఆగస్టులో అంతకు రెట్టింపునకు మించిన వరద వచ్చింది. కట్ట నిలిచింది. అయినప్పటికీ దిగువ ప్రాంతాల ప్రజలను ముందుజాగ్రత్తగా తరలించవలసి వచ్చింది. కట్ట భద్రతపై సందేహం తలెత్తిన క్షణంలో ఎవరు, ఏ దారిన, ఎక్కడికి వెళ్లాలన్నది దిగువన నివసించే ప్రతి కుటుంబానికి ముందే తెలిసి ఉండవలసిన విషయం.

చట్టం కల్పించిన ఏర్పాటు

విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ పనిచేస్తుంది. జిల్లా ప్రణాళిక రూపకల్పన, ప్రజలకు శిక్షణ, అవగాహన కార్యక్రమాల నిర్వహణ, స్వచ్ఛంద సంస్థలకు ప్రోత్సాహం దీని బాధ్యతల్లో ఉన్నాయి. స్థానిక సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ ఇప్పించాలని, విపత్తులో వినియోగించే సామగ్రిని సిద్ధంగా ఉంచుకోవాలని ఇదే చట్టం నిర్దేశించింది.

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో 'ఆపద మిత్ర' పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. అనంతరం 350 జిల్లాల్లో లక్ష మంది స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇచ్చే లక్ష్యంతో దీనిని విస్తరించింది. 18 నుంచి 40 ఏళ్ల వయస్సు గలవారికి 12 రోజులపాటు ప్రథమ చికిత్స, గాలింపు, రక్షణ, వరద సహాయక చర్యల్లో తర్ఫీదు ఇవ్వడం ఇందులో ప్రధానాంశం. ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్., నెహ్రూ యువ కేంద్రాలు, స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు చెందిన యువత కోసం 'యువ ఆపద మిత్ర' పథకాన్ని రూపొందించారు.

ఈ విధానానికి ఆధారం గతానుభవమే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది మరణించారు. 1999లో ఒడిశా పెనుతుఫానులోనూ దాదాపు అంతే ప్రాణనష్టం జరిగింది. 2013లో పైలిన్ తుఫాను అదే ఒడిశా తీరాన్ని తాకినప్పుడు మృతుల సంఖ్య 50 లోపే. హెచ్చరికలు ముందుగా అందడం, లక్షలాది మందిని సకాలంలో తరలించడం, గ్రామస్థాయిలో ఆశ్రయాలు, శిక్షణ పొందిన సేవకులు సిద్ధంగా ఉండడం ఇందుకు ప్రధాన కారణాలు. తీరానికి దూరమైన కామారెడ్డి వంటి జిల్లాలో వాగు వరద గంటల వ్యవధిలోనే వస్తుంది. హెచ్చరికకు, వరదకు మధ్య లభించే సమయం తక్కువ కనుక ఇక్కడ ముందస్తు ఏర్పాటు మరింత అవసరం.

గ్రామ స్వచ్ఛంద సేవకుల విధులు

గ్రామానికి అవసరమైన తొలి పత్రం ఒక జాబితా. ప్రసవానికి దగ్గరపడిన గర్భిణులు, పసిబిడ్డల తల్లులు, మంచం పట్టిన వృద్ధులు, దివ్యాంగులు, డయాలసిస్ చేయించుకొనేవారు, ఇన్సులిన్ వాడేవారు, శిథిలావస్థలోని మట్టి గోడల ఇళ్లలో నివసించేవారి వివరాలు ఇందులో ఉండాలి. ఈ సమాచారంలో అధిక భాగం ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ల వద్ద ఉంటుంది. దానిని వర్షాకాలానికి ముందే క్రోడీకరించి పంచాయతీ కార్యదర్శికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అందజేసినట్లయితే, భారీ వర్ష హెచ్చరిక వెలువడగానే గర్భిణులను, రోగులను వాగు దాటించి ఆసుపత్రికి సమీపంలో ఉంచవచ్చు. వరద వచ్చిన తరువాత అదే పనికి పడవ కావలసి వస్తుంది.

సెల్‌ఫోన్ టవర్లు, విద్యుత్తు పనిచేయనప్పుడు సమాచారం చేరవేయడానికి డప్పు చాటింపు, బ్యాటరీతో పనిచేసే మైకు నేటికీ నమ్మదగిన సాధనాలు. ప్రతి వాడకు, తండాకు ఒక బాధ్యుణ్ణి ముందుగా నియమించుకోవాలి. మునిగిన వంతెనకు ఇరువైపులా మనుషులను నిలిపి, తాడు లేదా కంచె అడ్డుగా కట్టి రాకపోకలను ఆపాలి. వేగంగా పారే నీరు అర అడుగు లోతున్నా మనిషిని పడదోయగలదు. రెండడుగుల ప్రవాహం చాలా వాహనాలను కొట్టుకుపోయేలా చేస్తుంది.

సేవకులు తమ పరిమితిని కూడా గుర్తెరగాలి. లైఫ్ జాకెట్టు, తాడు, శిక్షణ లేనివారు ప్రవాహంలోకి దిగరాదు. ఒడ్డు నుంచి తాడు, గాలి నింపిన ట్యూబు విసరడం, 112కు, 108కు సమాచారం ఇవ్వడం, చిక్కుకున్నవారు ఉన్న చోటును దళాలకు ఖచ్చితంగా చూపడం వారు చేయదగిన సహాయం.

కుటుంబం సిద్ధం చేసుకోవలసినవి

ప్రతి ఇంటిలో మూడు రోజులకు సరిపడా తాగునీరు, వండనవసరం లేని ఆహారం, టార్చిలైటు, అగ్గిపెట్టె, నిత్యం వాడే మందులు ఒకే సంచిలో ఉంచుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, చికిత్స పత్రాలను నీరు చొరని కవరులో భద్రపరచాలి. వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు జారీ చేసినప్పుడు ఫోన్లను ముందుగానే చార్జింగ్ చేసుకోవాలి.

ఇంటిలోకి నీరు చేరకముందే మెయిన్ స్విచ్ ఆపివేయాలి. వర్షంలో, తడి చేతులతో బావి వద్ద మోటారు స్టార్టరును తాకరాదు. పశువుల పలుపులు విప్పి మెరక ప్రాంతానికి తోలాలి. నానిన మట్టి గోడలు వర్షం తగ్గిన తరువాత కూడా కూలే ప్రమాదం ఉన్నందున అటువంటి ఇళ్లలో నిద్రించరాదు. పాముకాటుకు గురైనవారికి కాటు వద్ద కోయడం, గట్టిగా కట్టు బిగించడం చేయకుండా, కదలనీయక వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

వరద తీసిన తరువాత

నీరు తీసిన తరువాత ఆరోగ్య అత్యవసర స్థితి ఆరంభమవుతుంది. కలుషిత నీటి వల్ల విరేచనాలు కొద్ది రోజుల్లోనే తలెత్తుతాయి. నిలిచిన నీటిలో దోమ గుడ్డు దశ నుంచి ఎగిరే దశకు చేరడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందువల్లనే వారానికొకసారి నీటి పాత్రలన్నిటినీ ఖాళీ చేసి ఆరబెట్టే 'డ్రై డే' డెంగీ నివారణకు ఉపకరిస్తుంది. బురదలో పనిచేసినవారికి రెండు వారాల్లోపు జ్వరం, కండరాల నొప్పులు వస్తే లెప్టోస్పైరోసిస్‌గా అనుమానించి వైద్యుణ్ణి సంప్రదించాలి.

తాగునీటిని మరిగించి చల్లార్చి వాడాలి, లేదా క్లోరిన్ మాత్ర వేసి అరగంట తరువాత తాగాలి. బావులకు సాధారణంగా వెయ్యి లీటర్ల నీటికి 2.5 గ్రాముల నాణ్యమైన బ్లీచింగ్ పౌడరు అవసరం. నీరు అధికంగా కలుషితమైనప్పుడు ఆరోగ్య సిబ్బంది పరీక్షించి మోతాదును నిర్ణయిస్తారు. మూత తెరిచి ఉంచిన పౌడరు శక్తిని కోల్పోతుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లం లభించనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. టీ చెంచాతో తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

పునరావాస కేంద్రాల్లో ఒక్కొక్కరికి కనీసం 3.5 చదరపు మీటర్ల స్థలం, రోజుకు 3 లీటర్ల తాగునీరు, 30 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కనీస ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. కేంద్రంగా ఎంపిక చేసిన పాఠశాల లేదా ఫంక్షన్ హాలులో ఇవి సమకూరుతాయా అన్నది వేసవిలోనే సరిచూసుకోవలసి ఉంటుంది.

కోవిడ్ నేర్పిన పాఠం

2021 మే నెలలో కోవిడ్ రెండవ విడత ఉద్ధృతంగా ఉన్న సమయంలో రాష్ట్రవ్యాప్తంగా ఇంటింటి జ్వర సర్వే నిర్వహించారు. ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు, ఇతర క్షేత్ర సిబ్బంది గడప గడపకు వెళ్లి, లక్షణాలున్నవారికి మందుల కిట్లను ఇంటివద్దనే అందజేశారు. 2022 జనవరిలోనూ ఈ సర్వే జరిగింది. ఆసుపత్రికి రాలేని రోగిని ఇంటివద్దనే గుర్తించడం దీని ప్రత్యేకత. వరద అనంతరం జ్వరాల గుర్తింపునకు ఇదే పద్ధతి వర్తిస్తుంది.

కామారెడ్డిలో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలతో జిల్లాలో వైద్య వనరులు పెరిగాయి. ఎల్లారెడ్డి పరిసర తండాల్లోని రోగి అక్కడికి చేరగలగడం మాత్రం వాగు పొంగకముందే గ్రామంలో తీసుకొనే నిర్ణయంపై ఆధారపడి ఉంటుంది. ఏటా జూన్‌లోగా జాబితా సవరణ, సామగ్రి తనిఖీ, తరలింపు దారిపై ఒకసారి అభ్యాసం పూర్తిచేసుకున్న గ్రామంలో ఆ నిర్ణయానికి జాప్యం ఉండదు.