ముఖం దాచిన బొమ్మ

2021 జనవరి నెలాఖరున గోదావరిఖని దగ్గరి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లోకి ‘సలార్’ బృందం దిగింది. ప్రశాంత్ నీల్ దర్శకుడు, ప్రభాస్ హీరో, భువన్ గౌడ కెమెరా. 2023 డిసెంబరు 22న సినిమా విడుదలైనప్పుడు, తెర మీద ఆ బొగ్గు నేల అస్సాంలోని తిన్సుకియా అయింది. సింగరేణి మనుషులకు మాత్రం ఆ నల్లటి మెట్లు, డంపర్లు తిరిగి తిరిగి అణిగిపోయిన ఆ దారులు కొత్తవి కావు.

ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. షూటింగ్ మొదలవడానికి దాదాపు రెండు నెలల ముందు, 2020 డిసెంబరు 2నే ‘సలార్’ ఫస్ట్ లుక్ వచ్చేసింది. చేతిలో తుపాకీ, చుట్టూ నలుపూ బూడిదా తప్ప వేరే రంగు లేదు. అంటే గనిలో కెమెరా పెట్టకముందే పోస్టర్ మీదికి గని రంగు వచ్చేసింది. కథ తెలియకపోయినా, ఇది ఎలాంటి సినిమానో ఆ రంగును బట్టి జనానికి తెలిసిపోయింది.

హైదరాబాదు నుంచి రాజీవ్ రహదారి మీద వచ్చేవాళ్లకు రామగుండం కంటే ముందే బసంత్‌నగర్ తగులుతుంది. సిమెంటు ఫ్యాక్టరీ ఊరు. చెట్టు ఆకు మీదా ఇంటి రేకు మీదా వాలే దుమ్ము అక్కడ బూడిదరంగుది. ఇంకొన్ని కిలోమీటర్లు పోయి బొగ్గు బాయిల దాకా వెళ్తే దుమ్ము నల్లబడుతుంది. ఇవాళ తెలుగులో థ్రిల్లర్ అనిపించుకునే సినిమా పోస్టర్లను వరసగా పేర్చి చూస్తే, సగానికి పైగా ఈ రెండు దుమ్ముల రంగులోనే ఉంటాయి. ఒకప్పుడు తెలుగు పోస్టర్ అంటే పసుపు, ఎరుపు, గులాబీ బుగ్గలు, నిండు ముఖాలు. అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి అరవై ఏళ్ల దాకా పట్టింది.

థ్రిల్లర్ దృశ్యభాష మూలం వెతికితే 1931 నాటి జర్మన్ సినిమా ‘ఎం’ దగ్గర తప్పకుండా ఆగాలి. ఫ్రిట్జ్ లాంగ్ దర్శకుడు. బెర్లిన్‌లో పిల్లల్ని చంపుతున్న హంతకుడి కథ. బడి నుంచి ఇంటికి బయల్దేరిన ఎల్సీ అనే పాప దారిలో ఒక గుండ్రటి స్తంభం దగ్గర ఆగి బంతి ఎగరేసుకుంటుంది. ఆ స్తంభానికి ఒక పోస్టర్ అంటించి ఉంటుంది: హంతకుడు ఎవరు? పట్టిస్తే 10,000 మార్కుల బహుమతి. బంతి ఆ అక్షరాలకు తగిలి వెనక్కి వస్తూ ఉంటుంది. అంతలో పోస్టర్ మీద టోపీ పెట్టుకున్న మనిషి నీడ పడుతుంది. నీడ వంగి, ‘నీ బంతి ఎంత బాగుందో’ అంటుంది. ముఖం చూపించడు లాంగ్. తర్వాత తల్లి వడ్డించి ఉంచిన ఖాళీ పళ్లెం, గడ్డిలో దొర్లివచ్చి ఆగిపోయే బంతి, పైన తీగలకు చిక్కుకున్న బెలూన్. హత్య తెర మీద లేదు. చూసినవాడు మాత్రం హత్యను మరిచిపోలేడు.

ఆ ఒక్క ఆరంభంలోనే తర్వాతి తొంభై ఏళ్ల సరుకంతా ఉంది: ముఖానికి బదులు నీడ, మనిషికి బదులు వస్తువు, చావుకు బదులు ఖాళీ జాగా. సినిమా మొదలూ పోస్టరూ ఒకే చట్రంలో కలిసిపోవడం కూడా అక్కడే చూస్తాం. ఆ సినిమా ప్రచారానికి వాడిందీ ముఖం కాదు. అరచేతి మీద రాసిన ‘ఎం’ అక్షరం. కథలో హంతకుడి భుజం మీద సుద్దతో అచ్చుపడే గుర్తు అది.

నీడలకు అంతకు పదేళ్ల ముందే దారి పడింది. 1920లో వచ్చిన ‘కాలిగరి’లో సెట్టు గోడల మీదా నేల మీదా నీడల్ని రంగుతో గీశారు. 1922లో ‘నోస్ఫెరాటు’లో మెట్లెక్కే పిశాచం నీడగానే ఎక్కుతుంది.

ఇక పేర్ల సంగతి. మన దగ్గర ‘పేర్లు పడుతున్నాయి’ అంటాం. టికెట్టు దొరికి లోపలికి పోయేసరికి పేర్లు పడుతుంటే ఇంకా ఏమీ పోలేదని నిబ్బరం. టార్చిలైటు వెలుగులో సీటు వెతుక్కునే సమయం అది. పేర్లు పడే సమయాన్ని కూడా కథలోకి లాగవచ్చని 1950లలో అమెరికన్ చిత్రకారుడు సాల్ బాస్ నిరూపించాడు. 1958లో హిచ్‌కాక్ ‘వెర్టిగో’ మొదట్లో ఒక ఆడమనిషి ముఖాన్ని ముక్కలుగా చూపిస్తారు. ముందు పెదవులు, ఆ తర్వాత కళ్లు. చివరికి కంటిపాపలోంచి సుడి తిరుగుతూ బయటికి వస్తుంది. ఎత్తు చూస్తే కళ్లు తిరిగే హీరో కథ అది. మాట పుట్టకముందే రోగం తెర మీదికి వచ్చేసింది. 1960లో ‘సైకో’కు అదే బాస్ అడ్డంగా నిలువుగా దూసుకొచ్చే గీతలతో పేర్లను కోసి, విరిచి, మళ్లీ అతికించాడు.

‘సైకో’ పోస్టర్ మీది చీలిన అక్షరాలు మాత్రం బాస్‌వి కావు. ఆ సినిమాకు ఆధారమైన రాబర్ట్ బ్లాక్ నవల అట్ట కోసం టోనీ పాలాడినో 1959లో గీసినవి. పుస్తకం అట్ట మీద పుట్టి, సినిమా పోస్టర్ మీదికి దిగాయి. ఆ సినిమా మొదలైన తర్వాత ఎవరినీ లోపలికి రానివ్వొద్దని హిచ్‌కాక్ హాళ్లకు షరతు పెట్టి, గడియారం చూపిస్తున్న తన బొమ్మతో పోస్టర్లు వేయించాడు. ఆరంభం చూడని మనిషికి థ్రిల్లర్ సగమే దక్కుతుందన్న సంగతి వీధిలో గోడ ఎక్కడం అదే.

పుస్తకం అట్ట నుంచి తెరకు వచ్చిన దారి మనకూ ఉంది. ఇటలీలో 1929 నుంచి మొండడోరి సంస్థ నేరకథల్ని పసుపు అట్టలతో వేసింది. ఆ పసుపు పేరే, అంటే ‘జాల్లో’, తర్వాత అక్కడి హత్యాసినిమాలకు స్థిరపడింది. తెలుగులో ఆ పని డిటెక్టివ్ నవల చేసింది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆ తర్వాత మధుబాబు షాడో, ఆపైన వారపత్రికల్లో యండమూరి వీరేంద్రనాథ్ సీరియళ్లు. అద్దె పుస్తకాల షాపులో తాడుకు వేలాడే చిన్న పుస్తకం అట్ట మీద పిస్తోలు, అరుస్తున్న ఆడపిల్ల, తలుపు సందు. థ్రిల్లర్ బొమ్మను చదవడం తెలుగు పాఠకుడు సినిమా హాల్లో కంటే ముందు అక్కడ నేర్చుకున్నాడని చెప్పవచ్చు.

తెరమీద 1966, 1967 రెండేళ్లూ చాలా ముఖ్యమైనవి. 1966లో కృష్ణతో ‘గూఢచారి 116’ వచ్చింది. బాండ్ సినిమాల ప్రభావం పేరులోని అంకెలోనే కనిపిస్తుంది. అదే ఏడాది ‘ఆమె ఎవరు?’ వచ్చింది. దాని హిందీ మూలం ‘వో కౌన్ థీ’ మొదట్లో వానరాత్రి కారులో పోతున్న డాక్టరుకు దారిలో తెల్లచీర మనిషి అడ్డొస్తుంది. వాన, కారు అద్దం తుడిచే కర్రలు, దీపాల వెలుగులో తెల్లచీర. ఆ దృశ్యాన్ని మన భాషలన్నీ ఎన్నోసార్లు తిరిగి వాడుకున్నాయి. 1967లో ఏవీఎం వారి ‘అవే కళ్ళు’ వచ్చింది. ఈ చివరి రెండు పేర్లూ గమనించదగ్గవి. ఒకటి ప్రశ్నార్థకం, ఒకటి ముఖంలోంచి విడదీసిన కళ్లు. పేరులోనే పోస్టర్ ఉంది.

1967లోనే బాపు తొలి సినిమా ‘సాక్షి’. హత్యను కళ్లారా చూసి సాక్ష్యం చెప్పిన పడవవాడి మీద హంతకుడు పగబట్టే కథ. ఆ సినిమాతోనే పాలకొల్లు నుంచి వచ్చిన ఈశ్వర్ పోస్టర్ చిత్రకారుడయ్యాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు తెలుగు గోడల మీద ఆయన కుంచె, ఆయన అక్షరం నిలిచాయి. ఆ అనుభవమంతా ‘సినిమా పోస్టర్’ అనే పుస్తకంగా రాసి, 2021లో కన్నుమూశాడు. ఇలాంటి చేతుల మీదుగా నడిచిన కళ చరిత్ర మనకు ఇంకా సగమైనా రాయబడలేదు. మైదాపిండి అంటుతో గోడకెక్కి, వానకు నాని, మరుసటి వారం పోస్టర్ కింద కప్పబడిపోయిన బొమ్మలవి. ఎన్ని పోయాయో లెక్కలేదు.

థ్రిల్లర్‌కు తెలుగులో ఒక పెద్ద ఇబ్బంది ఎదురైంది. మన పోస్టర్‌కు ముఖం కావాలి. పంపిణీదారుడికి కావాలి, హాలు యజమానికి కావాలి. చదువు రాని మనిషికీ అది కృష్ణ బొమ్మో ఎన్టీఆర్ బొమ్మో తెలిసేది ముఖాన్ని బట్టే. ఎక్కడెక్కడి పల్లెల నుంచో బాయి పనికి వచ్చినవాళ్లు నిండిన బొగ్గు పట్నాల్లో ఆ అవసరం ఇంకా ఎక్కువ. థ్రిల్లర్ లక్షణమేమో ముఖం దాచడం. అందుకే చాలాకాలం మన థ్రిల్లర్ పోస్టర్‌లో హీరో ముఖం పెద్దగా ఉండి, మూలన ఒక పిస్తోలు, కత్తి, నల్లటి ఆకారం సర్దుకునేవి. పోస్టర్ మీది ‘ఎ’ అనే పెద్దలకు మాత్రమే గుర్తు కొన్నిసార్లు ఆ మూల బొమ్మ కంటే గట్టిగా మాట్లాడేది.

1978 నాటి భారతీరాజా తమిళ సినిమా డబ్బింగై ‘ఎర్ర గులాబీలు’గా వచ్చినప్పుడు ఆ ముడి కొంత సడలింది. చంపేవాడు హీరోనే, కమల్ హాసనే. ముఖం దాచక్కర్లేదు. ముఖమే అనుమానాస్పదం. పక్కన నల్లపిల్లి, తోటలో ఎర్ర గులాబీలు. పువ్వును చూసి భయపడటం తెలుగు ప్రేక్షకుడికి అప్పటికి కొత్త. 1985లో వంశీ ‘అన్వేషణ’ అడవిని అలా వాడింది. ఇళయరాజా సంగీతంతో చెట్ల మధ్య నుంచి ఎవరో చూస్తున్నారన్న భావన సినిమా పొడుగునా వదలదు.

తర్వాత 1989 అక్టోబరు 5. ‘శివ’. నాగార్జున పిడికిలికి చుట్టుకున్న సైకిల్ గొలుసు. అది మాఫియా కథే గానీ, పోస్టర్ చరిత్రలో దాని స్థానం వేరు. కాలేజీ సైకిల్ స్టాండులో రోజూ చూసే ఒక మామూలు వస్తువు హీరోకు సమానంగా గోడ మీద నిలబడింది. ఎల్సీ బంతి బెర్లిన్ నుంచి హైదరాబాదు వచ్చి గొలుసైందని అనిపిస్తుంది. మూడేళ్ల తర్వాత రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ మొదట్లో రేవతిని నిర్మానుష్యమైన చోట ఒంటరిగా నిలబెట్టాడు. తరుముతున్నది ఎవరో చూపించలేదు. తరిమేది కెమెరానే. అమెరికాలో శామ్ రైమీ ‘ఈవిల్ డెడ్’ కోసం చెక్కపలకకు కెమెరా బిగించి, ఇద్దరు పట్టుకుని పరుగెత్తి తీసిన చూపు అది. తెలుగులో అది స్టెడీక్యామ్ మీద నేలబారుగా జారుతూ వచ్చింది. భయపెట్టేదాని కళ్లతో ప్రేక్షకుణ్ణి చూడనివ్వడం మన ఆరంభాల్లో పెద్ద మలుపు.

ముఖం సమస్య పూర్తిగా తీరింది మాత్రం పెద్ద ముఖాలు లేని సినిమాల వల్ల. 2003లో చంద్రశేఖర్ యేలేటి ‘ఐతే’, 2005లో ఆయనదే ‘అనుకోకుండా ఒక రోజు’. ఒక అమ్మాయి జీవితంలోంచి ఒక రోజు మాయమైపోవడం రెండోదాని కథ. కనబడనిదే కథావస్తువు. 2016లో ‘క్షణం’ మొదలే తల్లి మీద దాడితో. ముసుగు మనుషులు, బడి దగ్గర కారు, స్పృహ వచ్చేసరికి కూతురు లేదు. 2020లో ‘హిట్’లో ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగిన కారు, మాయమైన అమ్మాయి. వానరాత్రి తెల్లచీర పోయి పట్టపగటి రోడ్డు వచ్చింది. ఖాళీ జాగా మాత్రం అలాగే ఉంది.

ఈ లోపు పరిశ్రమ ఆ దాచే పద్ధతిని వ్యాపారంలోకీ తెచ్చింది. ‘ప్రీ లుక్’ అనే మాట పుట్టింది. వెనక్కి తిరిగిన వీపు, ఒక చెయ్యి, ఒక గుర్తు. అగ్రహీరోలు కూడా మొదటి పోస్టర్‌లో ముఖం దాచి, రెండోదాంట్లో చూపించడం మొదలుపెట్టారు. అక్షరాలేమో 1995 నాటి ‘సెవెన్’ దగ్గర తేలాయి. కైల్ కూపర్ గీరి, చించి, వణికించిన ఆ పేర్ల వారసత్వం మన థ్రిల్లర్ టైటిళ్లలో ఇవాళ్టికీ కనిపిస్తుంది. అక్కడక్కడా అది అలవాటుగా మారిపోయింది కూడా. కథలో గీర లేకుండా అక్షరంలో గీర పెడితే మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది.

నలుపు అలా కాదు. సింగరేణిలో భూగర్భ గనికి దిగినవాళ్లకు టోపీ దీపం అర్థం తెలుసు. తల ఎటు తిప్పితే అటే వెలుగు, ఆ గుండ్రటి వెలుగు బయట ఏముందో తెలియదు. మంచి థ్రిల్లర్ చట్రం అచ్చం ఇలాగే పనిచేస్తుంది. నలుపు అలంకారం కాదు, చూపు ఎక్కడ ఆగిపోతుందో చెప్పే హద్దు. 2023 మార్చి 30న వచ్చిన ‘దసరా’ సింగరేణి పల్లె కథ, థ్రిల్లర్ కాదు. దానికి కెమెరా పట్టిన సత్యన్ సూర్యన్ అంతకు ముందు, దాదాపు మొత్తం ఒకే రాత్రి నడిచే ‘ఖైదీ’ తీసినవాడు. బొగ్గు మసి నలుపులో మనిషి ముఖం ఎంత కనబడాలో అతని కంటికి తెలుసు.

ఇప్పుడు పోస్టర్ చిన్నబోతోంది. ఓటీటీలో అది బొటనవేలంత బొమ్మ. అంత చిన్నదాంట్లో నీడా, బంతీ, గొలుసూ కనిపించవు. అందుకని ముఖం మళ్లీ పెద్దదై వెనక్కి వచ్చింది, పక్కన ఒక రక్తపు మరకతో. 1960ల గోడ మీది సర్దుబాటే మళ్లీ ఫోనులోకి వచ్చింది.

‘దసరా’ హీరో నాని నిర్మాణ సంస్థ 2018లో ‘అ!’తో మొదలై, ‘హిట్’ వరసను తీసింది. 2025 మే 1న వచ్చిన మూడో భాగంలో తనే హీరో. ఆ సంస్థ పేరు వాల్ పోస్టర్ సినిమా. హాల్లో దీపాలు ఆరి, నల్లటి తెర మీద పేర్లు పడటం మొదలైనప్పుడు, హంతకుడి నీడ కంటే ముందు వచ్చే పేర్లలో అది ఒకటి.